నడవని గది

మేడం పోయారన్న కబురు నాకు ఒక మెట్ల మలుపులో అందింది. లాలాగూడ దగ్గర కొత్తగా కట్టిన ఆఫీసు భవనంలో రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాను. ప్రతి మెట్టు మీదా ఆగి, ఫోన్‌లో సిగ్నల్ ఎంతుందో చూసి, కాగితం మీద అంకె వేసుకుంటున్నాను. అంతలో అదే ఫోన్ మోగింది. మేడం చెల్లెలుగారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా. పొద్దున్నే కాఫీ కావాలంది. నేను కలిపి తెచ్చేలోపలే..." అని ఆగిపోయారు. "వస్తున్నానండీ" అన్నాను గానీ వెంటనే కదల్లేదు. ఇంకా పదకొండు మెట్లున్నాయి. అవి ఎక్కి, పదకొండు అంకెలూ వేసి, అప్పుడు దిగి ఆటో ఎక్కాను.

ఇది చదివి నన్ను రాతిగుండె మనిషి అనుకునేవాళ్ళు అనుకోండి. పని సగంలో వదిలేసి వెళ్ళి ఉంటే మేడం ఊరుకునేవారు కాదు. చాప మీద పడుకోబెట్టినా సరే, ఒక కన్ను తెరిచి "మూడో అంతస్తు ఏమైందమ్మా?" అని అడిగి ఉండేవారు. ఆటోలో కూర్చున్నాక మాత్రం తార్నాక వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ పోయినందుకు కొంత. ఆవిడకి చెప్పాల్సిన మాట ఒకటి ఏడేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయినందుకు మిగతాదంతా.

ఆ మాటేమిటో చెప్పాలంటే ముందు మేడం ఎవరో మీకు తెలియాలి. మా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. ఉద్యోగానికని కాకినాడ నుంచి వచ్చి తార్నాకలోనే ఉండిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలుగారు తన భర్త పోయాక వచ్చి తోడున్నారు. రిటైరయ్యాక ఇంటి ముందుగదిలో రెండు బల్లలు వేసుకుని, ఆఫీసులకీ దుకాణాలకీ ఆస్పత్రులకీ వైఫై ఎక్కడెక్కడ ఎలా పెట్టాలో ప్లాన్ గీసి ఇచ్చే పని మొదలుపెట్టారు. గీసి ఇవ్వడం వరకే మా పని, బిగించేవాళ్ళు వేరే. ఆ రెండో బల్ల నాది. నేను మాణికేశ్వర్ నగర్‌లో పుట్టి, క్యాంపస్ గోడ దూకి జామకాయలు కోసుకుంటూ పెరిగి, చివరికి అదే క్యాంపస్‌లో గేటులోంచి వెళ్ళి ఎమ్మెస్సీ చదివినదాన్ని. మా నాన్న అక్కడి హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు.

మొదటి క్లాసులో మేడం బోర్డు మీద ఏమీ రాయలేదు. "మీ ఇంట్లో తాలింపు వేస్తే వాసన ఎంతదూరం పోతుంది?" అని అడిగారు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఒక్కొక్కరినే లేపి అడిగారు. అపార్టుమెంటులో ఉండే పిల్ల ఒకతి "హాలు దాకా మేడం" అంది. నా వంతు వచ్చింది.

"మా దిక్కు గోడలన్నీ కలిసే ఉంటయ్ మేడం. మా అమ్మ పోపేస్తే పక్కపొంటి నాలుగిండ్లకు తెలుస్తది. మా ఎనక ఇంటోళ్ళకు మాత్రం తెల్వది. నడుమ పెద్ద నీళ్ళ ట్యాంకు అడ్డమున్నది" అన్నాను.

మేడం నన్ను తేరిపార చూశారు. "నీకు సగం సబ్జెక్టు వచ్చేసిందమ్మా. మిగతా సగానికి లెక్కలు చెయ్యాలి" అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. మా బస్తీ గురించి క్లాసులో మాట్లాడితే సిగ్గుపడకుండా బయటపడిన మొదటిరోజు అది.

వైఫై అంటే గోడకి ఒక తెల్లడబ్బా బిగించి, కింద పాస్‌వర్డ్ చీటీ అంటించడమే కదా అనుకుంటున్నారేమో. ఇంట్లో అయితే అంతే. నూరుమంది మసిలే చోట అలా కుదరదు. డబ్బాలోంచి బయల్దేరిన సిగ్నల్ అద్దాన్ని సులువుగా దాటేస్తుంది. ఇటుకగోడ దగ్గర కాస్త అలసిపోతుంది. ఇనుప బీరువా ఎదురైతే వెనక్కి తిరిగిపోతుంది. నీళ్ళు తగిలితే అందులోనే ఇంకిపోతుంది. మనుషులంటే సగానికి పైగా నీళ్ళే కదా. ఖాళీ హాల్లో దివ్యంగా పనిచేసింది కాస్తా జనం నిండేసరికి నీరసపడిపోతుంది. అందుకని మేడం ఏ భవనాన్నీ సెలవురోజు చూసేవారు కాదు. నిండుగా, సందడిగా ఉన్న వేళకే వెళ్ళి, ఒక డబ్బాని స్టాండు మీద నిలబెట్టి, దాని చుట్టూ అడుగడుగూ నడిచి, ఎక్కడ ఎంత అందుతోందో రాసుకునేవారు.

ఆ నడక మీరు చూడాల్సింది. నేతచీర, కింద తెల్ల కాన్వాసు బూట్లు, సగం మూసిన కళ్ళు. ఎక్కడో ఎవరో పాడుతుంటే ఆ పాట ఏ గదిలోంచి వస్తోందో వెతుక్కుంటున్నట్టు వెళ్ళేవారు. ఆఫీసులో వాళ్ళు పని ఆపి గుడ్లప్పగించి చూసేవాళ్ళు. ఆవిడకి వాళ్ళు కనిపించేవాళ్ళే కాదు. ఉన్నట్టుండి ఆగి, చెయ్యి గాల్లోకి చాచి, "ఇక్కడ పల్చబడింది" అనేవారు. ఫోన్ చూస్తే అంకె నిజంగానే పడిపోయి ఉండేది. నాకు ఒళ్ళు జలదరించేది. "మీకెట్లా తెలిసింది మేడం?" అని ఒకసారి అడిగాను. "ఈ గోడ వెనక బాత్రూం ఉంది కదమ్మా, పైపులన్నీ ఇందులోంచే వెళ్తాయి. చల్లగా తగల్లా నీకు?" అన్నారు. తర్వాత నేనూ చెయ్యి చాచి చూశాను. నిజంగానే చల్లగా ఉంది.

పొద్దున్న ఆరింటికి ఇద్దరం క్యాంపస్‌లో నడిచేవాళ్ళం. చలికాలం మంచు పట్టి తురాయి చెట్లు సగం వరకే కనిపించేవి. ఎక్కడో పొదల్లో నెమలి అరిచేది. పోటీపరీక్షలకి చదివే పిల్లలు చెట్ల కింద అటూ ఇటూ తిరుగుతూ ఏవేవో వల్లె వేసేవాళ్ళు. మంచులో మనుషులు కనపడక ఆ చదువు మాత్రం వినిపిస్తుంటే, చెట్లే పాఠం అప్పజెబుతున్నట్టుండేది. అలాంటి ఒక పొద్దున మేడం నడక ఆపి, "ఇప్పుడు మనం ఎంతమంది మాటల్లోంచి నడుస్తున్నామో తెలుసా?" అన్నారు. "ఎవరో పిల్లాడు వాళ్ళమ్మకి తిన్నానని అబద్ధం చెబుతున్నాడు. ఎవరో రిజల్టు చూసుకుంటున్నారు. అన్నీ మన ఒంట్లోంచే పోతున్నాయి. మనకి తగలట్లేదు, అంతే." ఆ తర్వాత చాలారోజులు ఆ రోడ్డు మీద నాకు తెలియకుండానే కాస్త పక్కకి జరిగి నడిచేదాన్ని, ఎవరికో దారి ఇస్తున్నట్టు. మేడం గమనించి, "వాటికి మన మర్యాదలు అక్కర్లేదమ్మా" అని నవ్వారు.

కొత్త భవనానికి వెళ్తే యజమాని గదికి ముందు వెళ్ళేవారు కాదు. చీపురు పట్టుకున్న మనిషి ఎక్కడుందో వెతికి, ఆవిడ పక్కన మెట్టు మీద కూర్చునేవారు. "ఏమ్మా, ఇక్కడ నీ ఫోన్ ఎక్కడెక్కడ పలకదు?" అని అడిగేవారు. ఆ ఊడ్చే మనిషికి అన్నీ తెలిసేవి. లిఫ్టు వెనక పలకదు, రెండో అంతస్తు స్టోర్‌రూములో మాట తెగిపోతుంది, మేనేజరుగారి గదిలో కిటికీ దగ్గర తప్ప రాదు. "యజమానిని అడిగితే ఎక్కడ కావాలో చెబుతాడు. ఈవిడని అడిగితే ఎక్కడ లేదో చెబుతుంది. మనకి రెండోదే ముఖ్యం" అనేవారు మేడం. ఆఖరిరోజున మేడం వాకిట్లో నిలబడ్డవాళ్ళలో సగంమంది అలాంటివాళ్ళే. చెల్లెలుగారు వాళ్ళెవరో తెలియక నా మొహం చూశారు.

మేడంకి కోపం రాదని కాదు. ఒక ఫర్నిచర్ షోరూం ఆయన ప్లాన్ చూసి పెదవి విరిచాడు. "ఆరు డబ్బాలేంది మేడం? పది వేయుండ్రి. బేఫికర్ గుండొచ్చు."

"ఒక పంక్తికి ఇద్దరు వడ్డిస్తే చాలండీ. పదిమంది గరిటెలు పట్టుకుని దిగితే ఒకళ్ళ కాలు ఒకళ్ళు తొక్కుతారు. విస్తట్లో పడేదేమీ ఉండదు."

"అట్లనా? సరే, ఆ ఆరన్నా సీలింగ్ పైన కనపడకుంట పెట్టుండ్రి. లేకుంటె మొత్తం డిజైన్ ఖరాబయితది."

"దేవుణ్ణి అటకెక్కించి కింద హారతిస్తామా?" అన్నారు మేడం. బయటికి వచ్చాక మాత్రం బస్‌స్టాపు దాకా "మరీ కటువుగా అన్నానా? పాపం, బాధపడ్డాడంటావా?" అని నన్ను వేధించుకుతిన్నారు.

ఇక మా కాగితాల సంగతి. ప్లాన్ కింద మూలన అందరూ 'డిజైన్ చేసినవారు' అని రాసుకుంటారు. మేడం కాగితం మీద 'నడిచినవారు' అని ఉండేది. దాని కింద పేరు, సంతకం. ప్రతి గదీ సొంతకాళ్ళతో నడిచినవాళ్ళకే అక్కడ సంతకం పెట్టే హక్కు. ఏదైనా గదికి తాళం వేసి ఉంటే దాన్ని తెల్లగా వదిలేసి, అందులో 'నడవలేదు' అని రాయాలి. "తెలీదని రాస్తే తప్పులేదమ్మా. తెల్లగా వదిలిన గదికి రేపు మళ్ళీ వెళ్తాం. తప్పుడు అంకె వేసిన గదికి ఇంకెవ్వరూ వెళ్ళరు" అనేవారు. మూడేళ్ళు నేను స్టాండు మోశాను, టేపు పట్టాను, కాగితాలు శుభ్రంగా తిరగరాశాను. సంతకం ఆవిడదే. ఆ మాట కింద నా పేరు ఎప్పుడు చూసుకుంటానా అని తహతహగా ఉండేది.

ఆ ఏడు ఆషాఢంలో మేడంకి మోకాలు వాచింది. నెలరోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు డాక్టరు. నల్లకుంటలో ఒక చిన్న నర్సింగ్ హోం పని అప్పటికే ఒప్పుకున్నాం. అక్కడ ప్రతి మంచానికీ ఒక మీట పెడుతున్నారు. పేషెంటు నొక్కితే వైఫై మీద నర్సు చేతిలో ఫోన్ మోగాలి. మేడం ముక్కాలిపీట మీద కాలు పెట్టుకుని, "నువ్వే వెళ్ళు. నడిచినవారి దగ్గర నీ పేరే పడుతుంది" అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

వెళ్ళింది శనివారం. తెల్లారితే మా బస్తీలో బోనాలు. పై అంతస్తులు రెండూ పద్ధతిగా నడిచాను. కింద మాత్రం ఎక్స్‌రే గదికీ, దాని వెనక ఉన్న రెండు మంచాల గదికీ తాళం. కాలో చెయ్యో విరిగి కట్టు కట్టించుకున్నవాళ్ళని ఉంచే గది అది. ఆ రోజు అందులో ఎవరూ లేరు. తాళాలు ఎక్స్‌రే తీసే అతని దగ్గర ఉన్నాయి. అతను బోనాలకని అత్తగారింటికి వెళ్ళిపోయాడు. తుడుస్తున్న ఆయమ్మ నన్ను చూసి, "గా ఎనక రూముల నా ఫోన్ ఎన్నడు మోగది బిడ్డా. సోమారం వస్తడతను. అప్పుడు రారాదు" అంది. అంతలో మా అమ్మ మూడోసారి ఫోన్ చేసింది. "ఏడున్నవే? కుండకు సున్నం పుయ్యాలె, పసుపు పుయ్యాలె, నేనొక్కదాన్నే సావాల్నా?"

తాళం వేసిన తలుపు ముందు నిలబడి లెక్క వేసుకున్నాను. వసారాలో ఇంత ఉంది కదా, ఒక గోడ దాటితే ఇంత పోతుంది, రెండు గోడలు దాటితే ఇంత. ఆ గదిలో నాలుగు మూలలకీ నాలుగు అంకెలు వేశాను. కింద సంతకం పెట్టాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది అచ్చంగా అతికినట్టే ఉంది.

సోమవారం కాగితం ఇస్తే మేడం చాలాసేపు చూశారు. "చాలా శుభ్రంగా ఉందమ్మా" అని చుట్టి పక్కన పెట్టారు. నేను మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. నిజంగా నడిచినవాళ్ళ అంకెలు అంత సాఫీగా రావని ఇవాళ నాకు తెలుసు. అక్కడో బీరువా, ఇక్కడో తలుపు, ఏదో ఒకటి అడ్డం వస్తుంది.

ఏడాది తర్వాత ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో మేడం ఒక గోడ మీద వేలితో కొట్టారు. "ఎక్స్‌రే గది గోడల్లో సీసం రేకు వేస్తారమ్మా. దాని వెనక్కి ఏమీ పోదు. ఏమీ" అన్నారు. అని కాసేపు ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. నల్లకుంటలో ఆ గది ఎక్స్‌రే గదికి సరిగ్గా వెనక ఉంది. అక్కడ ఎవరైనా మీట నొక్కితే ఎక్కడా ఏదీ మోగదు. నేను మాట్లాడలేదు. మేడం కాస్త ఆగి, "పద, తర్వాతి గది" అన్నారు. ఆయాసం తీర్చుకోవడానికి ఆగారనుకున్నాను.

అప్పటినుంచి ఒకే కల. ఎవరో ముసలాయన, కాలికి కట్టు, మీట నొక్కుతూ ఉంటాడు. నేను వసారాలో నిలబడి ఉంటాను. నాకు ఆయన కనిపిస్తూనే ఉంటాడు, ఏమీ వినపడదు. లేచిన రోజున ఇవాళ వెళ్ళి చూడాల్సిందే అనుకుంటాను. మధ్యాహ్నానికి ఏదో పని దొరుకుతుంది. ఫిర్యాదు రాలేదు కదా, అంతా బాగానే ఉందేమో. లేక అక్కడ పిలిచేవాళ్ళ గొంతే ఎవరికీ వినపడటం లేదేమో. బస్సు నల్లకుంట మీదుగా వెళ్తే మొహం అటువైపు తిప్పుకునేదాన్ని. తక్కిన భవనాల్లో మాత్రం మోటారు గదులు, చీపుళ్ళ అల్మారాలు కూడా వదలకుండా నడిచేదాన్ని. మీ అంత శ్రద్ధ ఎవరికీ లేదండీ అని అందరూ పొగిడేవాళ్ళు. మేడం ఒక్కరే ఎప్పుడూ పొగడలేదు.

నిరుడు మేడంకి గుండె నీరసించింది. దసరాకి ఆస్పత్రిలో ఉండి వచ్చి, ఇంట్లో వెనకగదిలో మంచం పట్టారు. చెప్పేద్దామని మూడుసార్లు గట్టిగా అనుకుని వెళ్ళాను. మొదటిసారి "మేడం, నల్లకుంటలో..." అన్నానో లేదో చెల్లెలుగారు ఇడ్లీ పట్టుకొచ్చారు. రెండోసారి ఆవిడ నిద్రపోతున్నారు. గంటసేపు పక్కన కూర్చుని, ఫ్యాను గాలికి ఆవిడ నుదుటి మీద వెంట్రుకలు కదలడం చూసి లేచి వచ్చాను. మూడోసారి ఆవిడే అడిగారు. "ఏదో చెబుదామనుకుంటున్నావు కదమ్మా?"

నాలుక చివరిదాకా వచ్చింది. "ఏం లేదు మేడం. మోకాలు ఎట్లున్నది?" అన్నాను.

"అదొక్కటే బాగుంది" అని నవ్వారు. తర్వాత పదిరోజులకే పోయారు.

నేను పిరికిదాన్ని. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. ఆవిడ నాకు చదువిచ్చారు, పని ఇచ్చారు, సంతకం పెట్టే చోటిచ్చారు. ఒక్క నిజం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

దినాలన్నీ అయిపోయాక ఒక తెల్లవారుజామున మేడం కలలోకి వచ్చారు. క్యాంపస్ రోడ్డు, మంచు. ముందు నడుస్తున్నారు. పిలిస్తే తిరగలేదు. కోపంగా ఉన్నట్టు లేదు, ఏదో పనిమీద వెళ్తున్నట్టుంది. మెలకువ వచ్చాక స్నానం చేసి, బ్యాగు భుజాన వేసుకుని నల్లకుంట బస్సెక్కాను.

నర్సింగ్ హోం వసారాలో అదే ఆయమ్మ. జుట్టంతా నెరిసింది. చేతిలో బకెట్ కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏడేండ్లకొచ్చినవా బిడ్డా?"

"నేను యాదికున్ననా?"

"ఎట్ల మర్సిపోత? పెద్దమేడం దసరాకోపారి ఫోన్ జేస్తనే ఉంటది గద, మా అమ్మాయి వచ్చిందా అని. ఇంక రాలేదమ్మా అని చెప్తనే ఉంట."

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయమ్మే నిదానంగా చెప్పింది. ఆ ఏడు బోనాలైన మంగళవారం మేడం ఆటోలో వచ్చారట. కాలు కింద పెట్టలేకపోతున్నారట. "మా వీల్ చైర్ల కూసోబెట్టి నేనే తోసిన. జానెడు జానెడు తొయ్యమన్నది. ఒక్కో కాడ ఆపుడు, ఫోన్ సూసుడు, రాసుకునుడు. ఆ ఎనక రూముల అసలుకే రాలే. మల్ల వారానికి ఇంకో డబ్బా తెప్పిచ్చి, దగ్గరుండి ఆ గోడకు పెట్టిపిచ్చింది. అదే కుర్సీల కూసోని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను గదే అడిగిన. మీ పిల్ల తప్పు జేసింది గద, పిలిచి తిట్టుండ్రి అన్న. నేను తిడితే నా కోసమొస్తది, తనకోసం తనే రావాలె అన్నది. కుర్సీల కూసున్నోళ్ళు నడిచినట్టు గాదు, ఆ కాయిదం మీద దాని పేరే ఉండనియ్యి, ఒకనాడు వచ్చి నడుస్తది అన్నది." ఆయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మొన్న దసరకు మాత్రం ఫోన్ రాలే. పానం మంచిగున్నదా మేడంకు?"

దసరాకి ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారు. ఇంత దూరం వచ్చి, ఈ మాట చెప్పాల్సింది నేనే అవుతుందని అనుకోలేదు. చెప్పాను. ఆయమ్మ బకెట్ గోడవారకి జరిపింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని వసారా చివరిదాకా తీసుకెళ్ళి, ఆ వెనకగది తలుపు తోసింది. "పో, నడువు" అంది.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక కిటికీ, కిటికీ పక్కన గోడకి తెల్లడబ్బా, దాని మీద సన్నని ఆకుపచ్చ దీపం. ఒక మంచం ఖాళీ. రెండో మంచం మీద ఒక పెద్దాయన, కాలికి తొడదాకా కట్టు. ఫోన్ తీసి గుమ్మం దగ్గర మొదలుపెట్టాను. ఒక అడుగు, ఒక అంకె. ఇంకో అడుగు. నాలుగో అడుగు దాకా అంకెలు కనిపించాయి. ఆ తర్వాత కళ్ళు మసకబారి ఏమీ కనపడలేదు. గోడకి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. వెనక తలుపు దగ్గర ఆయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

పెద్దాయన నన్ను చూశాడు, ఆయమ్మని చూశాడు. "ఏమైందమ్మా? ఎవరికేమైంది?" అన్నాడు కంగారుగా. మా ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆయన భయపడిపోయి, తలగడ పక్కనున్న మీట గట్టిగా నొక్కాడు.

వసారా అవతలి చివర ఫోన్ మోగింది. చెప్పుల చప్పుడు దగ్గరవుతూ వచ్చి, నర్సు గుమ్మంలో ఆగి, రొప్పుతూ అడిగింది.

"ఎవరు పిలిచిన్రు?"